యాకోబు వీపు

మా పోలీసు పికెట్ గురించి ఎవరు చెప్పినా “రెండు మతాలవాళ్లు కొట్టుకున్న ఊరు” అంటారు. అబద్ధం. ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. గుడి మైకు, చర్చి మైకు ఒకేసారి మోగాయి. తగువైంది, ఒక మైకు పగిలింది. ఆ తర్వాత మాటలు మానేశారు. కొట్లాటైతే లాఠీతో ఆపుతాం. మాటలు మానేసినవాళ్లని లాఠీ ఏం చేస్తుంది?

అప్పుడు నేను సబ్‌ఇన్‌స్పెక్టర్‌ని. ఉయ్యూరు దాటి లోపలికి వెళ్లి, ఎండలో వ్యాన్ దిగాం. కోసేసిన చెరకు చేలల్లో చెత్త తగలబెడుతున్నారు. మసి హెల్మెట్ల మీద రాలుతోంది. ఊరికీ చర్చి ఉన్న పేటకీ మధ్య రోడ్డుకు అడ్డంగా తాడు కట్టాం. ఆర్డర్ ఒకటే: తాడు ఎవరూ దాటకూడదు. ఊరి టీ తాగితే పేటకి కోపం, పేట టీ తాగితే ఊరికి. రెండూ వద్దన్నాం. దాంతో మమ్మల్నీ పలకరించడం మానేశారు.

అమ్మవారి జాతర వచ్చింది. ఏటా ఘటం ముందు డప్పు కొట్టేది పేటలోని యాకోబే. ఆదివారం చర్చి, జాతరకి డప్పు. వాళ్ల నాన్నదీ అదే వరస. ఈసారి ఊరి పెద్దలు రావద్దన్నారు. పాస్టరు గారు వెళ్లొద్దన్నారు. రెండు వైపులా కుదిరిన మాట అదొక్కటే! విజయవాడ నుంచి బ్యాండు తెచ్చారు.

ఘటం ఎత్తుకున్న రమణమ్మ తాడు దగ్గరికొచ్చి, గుడివైపు మళ్లాల్సిన చోట ఆగిపోయింది. బ్యాండు సినిమా పాట వాయిస్తూనే ఉంది. ఆమె కదలదు.

“పిన్నీ, ఎండకి పడిపోతావ్, నడువు,” అన్నాడు సర్పంచ్.

“వాడి దెబ్బ పడకుండా నా కాలెట్టా లేస్తదిరా?”

తాడుకి అవతల పొగ లేచింది. యాకోబు గడ్డి మంట మీద డప్పు కాస్తున్నాడు. పక్కన ఒక్కడూ లేడు. పేట తలుపులన్నీ మూసే ఉన్నాయి.

వైర్‌లెస్ సెట్‌లో సీఐ గారికి చెప్పాను. “సార్, డప్పాయన వచ్చాడు.”

“తాడు దాటాడా?”

“లేదు సార్.”

“మరి నాకెందుకమ్మా చెప్తున్నావ్? ఓవర్.”

యాకోబు తాడు దాకా వచ్చాడు. “దాటనండీ. వాళ్లు రావద్దన్నారు, రాను. మా వాళ్లు అమ్మవారిని చూడొద్దన్నారు, చూడను. ఇక్కడే కొట్టుకుంటానండీ.”

వెనక్కి తిరిగి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఖాళీ వీధికేసి చూస్తూ మొదలుపెట్టాడు. బ్యాండు దానంతటదే ఆగింది. రమణమ్మ కాలు కదిపింది.

రెండు వైపులా ఎవరూ అతనికి మంచి మాట చెప్పలేదు. ఆ తర్వాత పిలవనూ లేదు. పికెట్ ఎత్తేశారు. మేం విజయవాడ వచ్చేశాం. కొన్నాళ్లకి ఆరా తీస్తే ఊళ్లో లేడన్నారు. ఎక్కడికెళ్లాడో ఊరికీ తెలియదు, పేటకీ తెలియదు.

రిటైరయ్యాక ఇదంతా నవలగా రాశాను. అందులో యాకోబు డప్పు కొడుతూ ఏడుస్తాడు. బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో సభ పెడితే, ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని “చివరికి మానవత్వం గెలిచింది” అన్నాడు. ఎక్కడ గెలిచిందండీ, ఆ ఖాళీ వీధిలోనా? గొడవపడ్డాను.

వేదిక దిగితే, నాతో పికెట్ చేసిన కానిస్టేబుల్ నవ్వాడు. “అతను ఏడవలేదు కదా మేడమ్?”

“నువ్వు చూశావా?”

“లేదండీ. వీపే కదా కనిపించింది.”

నాకూ అంతే. చెమటకి తడిసి అతుక్కుపోయిన తెల్ల చొక్కా, దెబ్బ దెబ్బకీ లేచే భుజాలు. నా అక్షరాలు ఆ వీపు దాటి అవతలికి పోలేదు. అటు తిరిగినప్పుడు నీ ముఖంలో ఏముంది యాకోబూ?