కాదన్నవాళ్ల ఇంట్లో మీటింగు

ఆ రోజుల్లో పల్లెటూళ్లకు కొరవడింది పద్ధతి అనీ, నా దగ్గర పుష్కలంగా ఉన్నది అదేననీ గట్టిగా నమ్మేవాణ్ణి. హనుమకొండలో సోషల్ వర్క్ చదివి, కొత్త చెప్పులు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో నర్సంపేట అవతల ఒక ఊళ్లో బస్సు దిగాను. ఆ ఊరి సేవా సంఘానికి కోఆర్డినేటరుగా నన్ను పెట్టుకున్నారు. పెట్టుకున్నది సంఘాన్ని నడిపే ఐదుగురి బోర్డు. ఆ బోర్డును చూసిన మొదటిరోజే వీళ్లను మనుషుల్ని చెయ్యాలి అనుకున్నాను. (ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. అప్పుడు ఛాతీ ఉప్పొంగింది.)

సంఘానికి ఉన్న ఆస్తి ఒకటే, దవాఖాన జీపు. సర్కారు అంబులెన్సు మెయిన్ రోడ్డు దాకా వస్తుంది గానీ, వానలు పడి వాగు పొంగితే మా ఊరికి రాదు. అందుకని ఊరివాళ్లే ఒక పాత జీపు కొనుక్కుని, కాన్పులకూ జబ్బులకూ వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయేవాళ్లు. బోర్డు అధ్యక్షుడు పోస్టు తాత, ఉత్తరాలు పంచి పంచి రిటైరైన మనిషి. ఆయనకు కుడిభుజం టైలర్ చాచా. ఎడమభుజం మిర్చి అత్త, మిర్చి తోట, నోరు రెండూ ఘాటైనవే. ఇంకో ఇద్దరు పత్తి రైతులు ఉండేవాళ్లు గానీ వాళ్లు తలలు ఊపడమే తప్ప నోరు తెరిచేవాళ్లు కాదు. ఎవరికీ జీతం లేదు, భత్యం లేదు. మీటింగులో తాగే టీ కూడా ఎవరిది వాళ్లు ఇంట్లో తాగి రావాల్సిందే.

వాళ్లకు ఒక నియమం ఉండేది. జీపు దవాఖానకు కదిలిందంటే బోర్డులో ఒకరు వెంట ఎక్కాలి. చీటీ ఎక్కడ రాయించాలి, ఏ డాక్టరు ఏ గదిలో ఉంటాడు, రక్తం కావాలంటే ఎవర్ని అడగాలి అన్నీ చూసి, పేషెంటు మంచం ఎక్కాకే తిరిగి రావాలి. మిర్చి కోతల మధ్యలో కూడా అత్త కొంగు దులుపుకొని ఎక్కేసేది. చాచా పెళ్లిబట్టలు మిషను మీదే వదిలేసి పోయేవాడు. "పెండ్లి ఒకరోజు ఆగుతది బేటా, నొప్పులు ఆగవు గదా," అనేవాడు. జీపు తోస్తే గాని కదిలేది కాదు. ఒకసారి నొప్పులతో ఉన్న పిల్లే దిగి తానూ తోస్తానంటే అత్త తిట్టి మళ్లీ ఎక్కించింది.

ఇంకో పద్ధతి ఉండేది. నా మొదటి మీటింగులో అది చూసి బెదిరిపోయాను. జీపును బడి పక్కన నిలుపుదామని చాచా అన్నాడు. "అద్దు," అని వద్దనేసింది అత్త. అంతే, అందరూ కండువాలు దులుపుకొని లేచి నడవడం మొదలుపెట్టారు. తగాదా అయిందనుకొని వెనకాల పరుగెత్తాను.

"ఏం సారూ, గట్ల ఉరుకుతానవ్? మీటింగు అయిపోలే," అన్నాడు తాత. "ఆమె అద్దన్నది. ఇగ మీటింగు ఆమె ఇంట్లనే. ఏడ కూసోని అద్దంటాందో సూడాలె గదా."

అత్త అరుగు మీద కూర్చుంటే బడి పక్క జాగా మొత్తం కనిపిస్తుంది. పిల్లలు సరిగ్గా అక్కడే కబడ్డీ ఆడుతున్నారు. చాచా తన మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా నాకు బుద్ధి రాలేదు. మీటింగంటే కుర్చీలు, ఎజెండా, చేతులెత్తడం అని నా చదువు. ఊరంతా ఊరేగడం కాదు.

ఆ ఎండాకాలంలో హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్త వ్యాను ఇస్తామని కబురు పంపింది. వాళ్ల మేడం వచ్చి బోర్డును చూసి పోతుందట. ఆ మాట వినగానే చాచా ముఖంలో వెలుగు నేను మరిచిపోలేను. ఆయన చిన్నబిడ్డకు శ్రావణంలో కాన్పు. వాగు పొంగే నెల, పైగా మొదటి కాన్పులోనే ప్రాణం మీదికి వచ్చింది. ఈ జీపును నమ్ముకొని ఆ వాగు దాటడం ఎట్లాగని ఆయనకు నిద్ర పట్టడం లేదు.

నేను రంగంలోకి దిగాను. బోర్డుకు శిక్షణ ఇచ్చాను. కుర్చీలో ఎలా కూర్చోవాలి, ఎవరు ముందు మాట్లాడాలి అన్నీ చెప్పాను. చివరగా, "ఆ రోజు ఎవరూ అద్దు, కాదు అనకూడదు. మేడం ఏమడిగినా ఔను అనాలి," అన్నాను.

"ఏమడిగినానా?" అంది అత్త.

"ఏమడిగినా."

"సరే తియ్. మొగనికి గూడ ఇయ్యలే ఇసొంటి మాట. నీకిత్తాన."

మేడం వచ్చింది. చల్లగా మాట్లాడే మనిషి. లెక్కలు రాస్తారా? ఔను. జీపుకు ఇన్సూరెన్సు ఉందా? ఔను. మా వాళ్లు కొలువులో బొమ్మల్లా వరసగా కూర్చొని ఔనంటుంటే నా గుండె గర్వంతో నిండింది. అప్పుడు మేడం నీళ్లు తాగి, అసలు మాట చెప్పింది. వ్యాను ఇవ్వాలంటే బోర్డులో చదువుకున్నవాళ్లు ఉండాలి. హనుమకొండలో లెక్చరర్లు, అడ్వకేట్లు దొరుకుతారు, వాళ్లను వేసుకుందాం. ఇప్పుడున్న పెద్దలు తప్పుకొని సలహాదారులుగా ఉంటే చాలు. "మీకు సమ్మతమేనా?"

తాత నా వైపు చూశాడు. "ఔను," అన్నాడు. అత్త పళ్లు బిగించి, "ఔను," అంది. చాచా అందరికంటే త్వరగా అన్నాడు, నవ్వుతూ. ఆయన కళ్లలో బిడ్డ కనిపిస్తోంది నాకు.

నా నోట్లోంచి "కాదు" అని వచ్చింది.

ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. మేడం నివ్వెరపోయింది. తాత మాత్రం కండువా దులిపి లేచాడు. "పాండ్రి. మీటింగు సారు ఇంట్ల."

"వద్దు తాతా, గది బాగోలేదు," అన్నాను. ఎవరు వింటారు? ముందు తాత, వెనక అత్త, చాచా, పత్తి రైతులు, ఏం జరుగుతోందో అర్థంకాని మేడం, ఆమె డ్రైవరు. ఊరి చివర నా అద్దెగది తలుపు తీశాను. తలుపు వెనక మాసిన బట్టల గుట్ట. పొయ్యి మీద మాడిన పాలగిన్నె. ఉన్న ఒక్క కుర్చీ మీద బకెట్టు. బకెట్టులో నానుతున్న ఎంగిలి గిన్నెలు. ముందు వారమే పరిసరాల పరిశుభ్రత గురించి ఊరికి ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను.

అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "సారూ, మొన్న శుభ్రం గురించి చెప్పింది నువ్వేనా, మీ అన్ననా?" అంది. మేడం నా ట్రంకు పెట్టె మీద కూర్చుంది. చాచా అప్పటికే గిన్నె కడిగి టీ పెడుతున్నాడు.

"ఇగ చెప్పు బిడ్డా," అన్నాడు తాత. "ఎందుకు కాదంటానవ్?"

గొంతు సవరించుకొని, ప్రజల భాగస్వామ్యం, సాధికారత అంటూ మొదలుపెట్టాను. రెండు మాటలకే ఆగిపోయాను. ఆ గదిలో ఆ మాటలు నిలబడలేదు.

చాచానే అందుకున్నాడు. "నా బిడ్డకు బండి కావాలె బేటా. నేను బోర్డుల లేకుంటె ఏంది? మిషను కుట్టుకుంట. నువ్వు ఖరాబు జెయ్యకు."

"బండి వస్తది చాచా," అన్నాను. "బండి ఎంబడి ఎవరు వస్తరు? లెక్చరరు వస్తడా క్లాసు ఇడిచిపెట్టి? నీ బిడ్డ పక్కన ఆ దవాఖాన వరండాల ఎవరు కూసుంటరు?"

నేను వాళ్ల యాసలో మాట్లాడటం అదే మొదటిసారి. నాకు తెలియకుండానే వచ్చేసింది. చాచా టీ వడపోస్తూ ఆగిపోయాడు. తర్వాత ఆ వెంట పోవడం సంగతి మేడంకు విడమర్చి చెప్పాను. ఆమె శ్రద్ధగానే విన్నది. కానీ, "రూల్ రూలే. నేను ఒప్పుకోలేనండీ," అంది.

తాత అత్త వైపు చూశాడు, అత్త చాచా వైపు.

"అయితే మేడం," అన్నాడు తాత ఎంతో మర్యాదగా, "మీ ఇల్లు ఏడుంటది?"

ఆమె జోక్ అనుకొని నవ్వుతూ చెప్పింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే అందరం హైదరాబాదు బస్సెక్కాం. (జీపు జనగామ దాకా కూడా పోదు.) అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. "మీటింగుంది," అన్నాడు తాత. తలకు నూనె పెట్టుకొని తలుపు తీసిన మేడం మమ్మల్ని చూసి గబగబా తలకు తువ్వాలు చుట్టుకుంది. నేను లిఫ్టు వెనక దాక్కోవాలనుకున్నాను. అత్త మిర్చి పచ్చడి సీసా ఆమె చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

లోపలి గదిలో మేడం అత్తగారు మంచం మీద ఉంది. పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందట. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు పోతే గోడకేసి చూస్తూ పడుకుంటుందట. మా మిర్చి అత్త ఎవరినీ అడగలేదు. పోయి మంచం అంచున కూర్చొని, కాలికింద దిండు సర్ది, "ఏ దవాఖానల జూపెట్టిన్రు అక్కా? డాక్టరు ఏమన్నడు? మందులు కడుపుల మండుతానయా?" అని మొదలుపెట్టింది. కాసేపటికి లోపల ఇద్దరు ముసలమ్మల నవ్వు వినిపించింది. మేడం గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది. మీటింగంటూ జరగలేదు. అన్నం పెట్టి పంపింది.

వాళ్ల ఆఫీసులో ఆమె ఏం చెప్పిందో తెలియదు. చివరికి కబురు వచ్చింది. బోర్డు అలాగే ఉండవచ్చు, చదువుకున్నవాడు ఒక్కడైనా చేరితే చాలునని. లెక్చరరు కోసం వెతుకుదామన్నాను. "దేనికి? ఉన్నడు గదా మనోడు," అన్నాడు తాత. జీతం వదులుకొని సభ్యుడినయ్యాను. పూట గడవడానికి నర్సంపేటలో ట్యూషన్లు చెప్పుకున్నాను.

వ్యాను శ్రావణానికి ముందే వచ్చింది. చాచా బిడ్డకు నొప్పులు మొదలైనప్పుడు వెంట ఎక్కే వంతు నాదే అయింది. వాగునీళ్లు చక్రాల సగం దాకా ఉన్నాయి. చాచా ఒక చేత్తో బిడ్డ చెయ్యి, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకొని కూర్చున్నాడు. దవాఖానలో దిగాక నేను ధీమాగా నడిచి, నడిచి, ఎక్స్‌రే గది ముందు తేలాను. నర్సు జాలిపడి చెయ్యి పట్టి కాన్పుల వార్డుకు తీసుకుపోయింది. కాన్పు కష్టమే అయింది, కానీ తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. చాచా ఆ పిల్లను మొదట నా చేతుల్లో పెట్టాడు. ఎలా పట్టుకోవాలో తెలియక నేను తంటాలు పడుతుంటే, "ఫికర్ జెయ్యకు, నేర్చుకుంటవ్ తియ్," అన్నాడు.

ఆ తర్వాత చాలా సంఘాలలో పనిచేశాను. ఇప్పుడు హసన్‌పర్తిలో ఉంటూ కొత్త పిల్లలకు బోర్డులు ఎలా నడపాలో క్లాసులు చెబుతున్నాను. నన్ను పరిచయం చేసేటప్పుడు ఎవరో ఒకరు, "సారు పల్లెటూరి బోర్డులకు శిక్షణ ఇచ్చినవారు," అంటారు. తప్పు, ఇచ్చింది వాళ్లే అని లేచి చెప్పాలనుకుంటాను ప్రతిసారీ. ఈలోగా చప్పట్లు మొదలవుతాయి. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడు నాలో ఇంకా ఎక్కడో ఉన్నాడు కాబోలు, చప్పట్లు అయిపోయేదాకా ఆగి, ఆ మాట చెప్పడానికి అప్పుడు లేస్తాను.