జాకెట్టు ముక్కలో పన్నెండు మాటలు

నేను ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఆఫీసు రికార్డు రూములో పనిచేశాను. ఒక్క కాగితం పోగొట్టలేదు. ఈ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రోజుకోసారైనా అనకపోతే నాకు తిన్నది అరగదు. నేను "ముప్పై" అనగానే మా ఆయన "ఏళ్ళు" అని అందుకుని టీవీ సౌండు పెంచుతారు. రిటైరయ్యాక ఇద్దరం కాకినాడ నుంచి వచ్చేసి ఖాజాగూడలో మా అబ్బాయి దగ్గరే ఉంటున్నాం. అబ్బాయిదీ కోడలిదీ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు. చెరువు వైపు ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంటు, మాది మూడో అంతస్తు.

ఈ కోతలన్నీ మా అబ్బాయి ఎప్పుడూ చెవిన పెట్టలేదు. మా కోడలు మాత్రం పాపం నిజమని నమ్మింది.

కిందటేడు వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను ఆవకాయకి వెల్లుల్లి ఒలుస్తుంటే వచ్చి పక్కన కింద కూర్చుంది. తనూ నాలుగు రెబ్బలు ఒలిచి, "అత్తయ్యా, మీకో మాట చెప్పాలి. ఆయనకి ఇంకా చెప్పలేదు" అంది. నా గుండె ఝల్లుమంది. కోడలు ఇలా మొదలుపెడితే ఏ అత్తకైనా ఎన్ని తోస్తాయి! తీరా చూస్తే ఆ పిల్లకి కావలసింది నిద్ర.

"ఉద్యోగం ఆర్నెల్లు మానేయాలని ఉందండి. ఎక్కడికీ వెళ్ళను. ఏ కోర్సూ చెయ్యను. పడుకుంటానంతే. ఫోను మోగుతుందేమోనన్న భయం లేకుండా పడుకుని పదేళ్ళయింది."

చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఒలిచే వెల్లుల్లి ఘాటుకి కాదు. ఆ కళ్ళ కింద నలుపు నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఏమ్మా అని ఒక్కసారీ అడగలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. ఆర్నెల్లు జీతం రాకపోతే ఎలా అని ఎవరూ అడగకుండా, పెళ్ళికి ముందు నుంచీ కొంచెం కొంచెం పక్కన పెట్టిందట.

"ఎక్కడ పెట్టావు తల్లీ, పోస్టాఫీసులోనా?"

"క్రిప్టోలో."

"అంటే ఆ బిట్‌కాయినా? రోజూ పేపర్లో ఎవడో ఒకడు లబోదిబోమంటుంటాడే, అదా?"

"అదేనండి."

నెత్తి కొట్టుకున్నాను. కానీ అప్పటికే పెట్టేసిన దానికి అరిచి ఏం లాభం? అదేమిటో అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఓపిగ్గా చెప్పింది. దీనికి బ్యాంకు లేదు, మేనేజరు లేడు. ఫోన్లో వాలెట్ అని ఒకటి ఉంటుంది. దానికి అసలు తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఒకదానికొకటి సంబంధం ఉండదు గానీ వరస తప్పకూడదు. ఫోను పోయినా ఆ మాటలుంటే ఇంకో ఫోన్లో అంతా తిరిగొస్తుంది. అవి ఎవడి కంటబడితే వాడు మొత్తం ఊడ్చుకుపోవచ్చు, పోయిందని మొత్తుకోవడానికి ఒక ఆఫీసంటూ ఉండదు. అందుకని ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పెట్టకూడదు, కస్టమర్ కేర్ అని ఎవడు ఫోన్ చేసి తియ్యగా అడిగినా చెప్పకూడదు. కాగితం మీద రాసి దాచుకోవాలి.

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

చున్నీ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే లాప్‌టాప్ బ్యాగులో వేసి పోగొడతాను. మీరైతే ముప్పై ఏళ్ళు..."

"చాల్చాల్లే" అన్నాను గానీ లోపల ఎంత పొంగిపోయానో ఆ దేవుడికే తెలియాలి.

"ఒక్కటే అత్తయ్యా. అది కనబడకపోయినా, ఎవరైనా చూసినా వెంటనే నాకు చెప్పెయ్యండి. డబ్బంతా కొత్త వాలెట్‌లోకి మార్చేసుకుంటాను. ఆలస్యమైతేనే ప్రమాదం."

ఎక్కడ దాచాలా అని రెండ్రోజులు ఆలోచించాను. బియ్యం డబ్బాలో పురుగు పడుతుంది. దేవుడి పటం వెనక దొంగలు ముందు చూస్తారు. లాకరు తాళం మా ఆయన దగ్గరుంటుంది. చివరికి బీరువాలో జాకెట్టు ముక్కల కట్ట కనబడింది. తాంబూలంలో వచ్చిన జాకెట్టు ముక్క ఎవరైనా కుట్టించుకుంటారా చెప్పండి? ఏ చీరకీ నప్పదు, మొదటి ఉతుకుకే రంగు దిగుతుంది. మనకొకరిస్తారు, మనమొకరికిస్తాం, అలా ఊరంతా తిరుగుతూ ఉంటుంది. అడుగున ఉన్న చిలకపచ్చ ముక్క, మెరూన్ అంచుది, దాని మడతలో కాగితం పెట్టేశాను. ఎంత దొంగవెధవైనా జాకెట్టు ముక్కలు ఎత్తుకుపోడు కదా అని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంత తెలివి ఉపయోగించిన దానికి శ్రావణమాసం వస్తుందని తట్టలేదు.

వినాయక చవితి వెళ్ళిన వారానికి, కోడలు ఆటో దిగుతుంటే ఫోను జారి రోడ్డు మీద పడింది. వెనకొచ్చే బైకు దాని మీంచి వెళ్ళిపోయింది. కొత్త ఫోను కొనుక్కుంది. మర్నాడు పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ నా చెవిలో, "సాయంత్రం తొందరగా వస్తాను, ఆ కాగితం తీసి ఉంచండి. ఆ మాటలు కొడితేనే డబ్బు కనబడుతుంది. సోమవారం రిజైన్ చేసేస్తున్నా" అని నవ్వింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

బీరువా తీశాను. కట్టలో చిలకపచ్చ ముక్క లేదు.

కట్టంతా మంచం మీద కుమ్మరించి ఒక్కొక్క ముక్కా దులిపాను. అప్పుడు గుర్తొచ్చింది. రికార్డు రూములో నా అలవాటు, పాతది ముందు కదలాలి, కొత్తది పైన చేరాలి. శ్రావణ శుక్రవారాలు తాంబూలాలకి ముక్కలు తీసినప్పుడు కూడా అడుగు నుంచే తీశాను. ఎవరైనా బద్ధకస్తురాలైతే పైనుంచి తీసి ఉండేది, కాగితం ఉన్నచోటే ఉండేది. నా క్రమశిక్షణ తగలెయ్య!

రెండో శుక్రవారం ఎదురింటి వదినగారు "రంగు ఎంత బావుందండీ" అనడం గుర్తుంది. వెంటనే వెళ్ళి తలుపు కొట్టాను. ఇచ్చిన తాంబూలం తిరిగి ఎలా అడుగుతాం? పైగా లోపల ఏముందో చెప్పకూడదు. "ఆ ముక్కతో ఒక చీర జత చూడాలి వదినగారూ, చూసి ఇచ్చేస్తాను" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. "అది... కుట్టడానికిచ్చానండీ" అంది. ఈ అబద్ధం నేనెన్ని సార్లు ఆడానో! "మొహమాటపడకండి. మీరిచ్చినవీ నా బీరువాలో లేవు" అన్నాను. ఇద్దరం నవ్వేశాం. నాది నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. ఐదో అంతస్తు అమ్మాయికి ఇచ్చిందట.

ఐదో అంతస్తు అమ్మాయి ఇంట్లోంచే పని చేస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లతో తలుపు తీసి, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఆంటీ, నాకసలు చీరలే లేవు. హౌస్‌కీపింగ్ ఆమెకి ఇచ్చేశాను" అంది.

మెట్లు దిగుతుంటే అన్ని దేవుళ్ళకీ దణ్ణాలు పెట్టుకున్నాను. కింద సెల్లార్‌లో ఆమె లిఫ్టు ముందు తడిబట్ట పెడుతోంది. కంపెనీ ఇచ్చిన నీలం కోటు వేసుకుంది. కోటు చేతుల కింద నుంచి చిలకపచ్చ చేతులు, మెరూన్ అంచు.

ఊరంతటికీ ఆ ముక్క కుట్టుకున్న మనిషి ఈవిడొక్కతే. కుట్టిందంటే ఉతికిందనే కదా. కాగితం కాలవలో కలిసిపోయి ఉంటుంది. నేను మెట్టు మీద కూలబడ్డాను.

"ఏందమ్మా, గిట్ల చెమటలు వట్టినయ్? దవాఖానకు పోదమా?" అని పరిగెత్తుకొచ్చి తన కొంగుతో విసిరింది.

ఇక దాపరికం పెట్టుకునే ఓపిక లేదు. "ఈ జాకెట్టు గుడ్డ మడతలో ఒక కాగితం ఉండాలి" అన్నాను.

"ఓ, ఆ కాగితమా! ఉన్నది. జర నిమ్మళించు. ఎవరో మొక్కుకొని రాసిన చీటీ అనుకున్న. పన్నెండు వరుసలు, నంబర్లేసి రాసి ఉన్నది. మొక్కుచీటీ పారేస్తే పాపం గదా. దేవుని పటం కాడ వెట్టిన."

ఆ క్షణాన ఆమె కాళ్ళ మీద పడిపోయేదాన్ని. ఎలాగో ఆపుకున్నాను. మధ్యాహ్నం తిండి వేళకి ఆమెతో కలిసి వాళ్ళింటికి నడిచాను. గుట్టల పక్కన, రేకుల కప్పున్న ఒక్క గది. తలుపు పక్కనే కుట్టుమిషను. గోడ మీద అమ్మవారి పటం, దాని ముందు మా కోడలి కాగితం. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పక్కన ఊదుబత్తి బూడిద.

"దినాం ఊదువత్తి ముట్టిస్తున్న. ఎవరి మొక్కు అమ్మా?"

"మా కోడలిది."

"ఏం కోరుకున్నది?"

"నిద్ర" అన్నాను.

ఆమె పటం వైపు తిరిగి చేతులు జోడించింది. "అయ్యో బిడ్డా" అంది, నన్ను కాదు, ఎక్కడో ఆఫీసులో ఉన్న నా కోడల్ని. "దొరుకుతది తియ్యి. ఇన్ని దినాలు మొక్కిన గదా." కాగితం కళ్ళకద్దుకుని ఇచ్చింది. అప్పుడు, సిగ్గులేని నోరు కదా, అడిగేశాను, దీన్నెవరైనా చదివారా అని. "నా బిడ్డ సదివింది, ఇంటర్ సదువుతది. మాటలు తెలుస్తున్నయ్ గని మతలబు తెలుస్తలేదు అన్నది" అని నవ్వింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. అడిగినందుకు నాకే తల వంచుకోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి మూడయింది. కాగితం చేతిలో ఉంది. కోడలు రావడానికి ఇంకా టైముంది. ఇక నాకు బుద్ధి వక్రించింది. తడిబట్టతో బొట్టు తుడిచాను, ఇంకా అలుముకుంది. సరే, నకలు తీద్దామని అలాంటిదే తెల్లకాగితం తీసి, ఆ పిల్ల అక్షరాల్లాగే పన్నెండు మాటలూ దించాను. నకలు తీయడంలో నాకు నేనే సాటి. నాలుగు మడతలు పెట్టాను. దొరికింది కదా, ఎవరికి నష్టం? నా ముప్పై ఏళ్ళ పరువూ నిలబడుతుంది.

టీ పెట్టుకుని కూర్చున్నాను గానీ గొంతు దిగలేదు. మూడిళ్ళు తిరిగిన కాగితం. వదినగారు మడత విప్పిందో లేదో, ఐదో అంతస్తులో ఏమైందో, నాకేం తెలుసు? అందరూ మంచివాళ్ళే. రేపెప్పుడో ఒక్కరికి బుద్ధి మారితే చాలు. డబ్బు ఎలా పోయిందో కూడా తెలియకుండా ఈ పిల్ల మళ్ళీ పొద్దున్నే చెప్పులేసుకుని ఆఫీసుకి పోతుంది, ఆ నలుపు కళ్ళతోనే. నేను వంటింట్లో నిలబడి చూస్తూ ఉండాలి. అది నావల్ల కాదు. నకలు చింపి పొయ్యిలో అంటించేశాను.

ఆరింటికి కోడలు వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా గదిలోకి లాక్కెళ్ళి, బొట్టున్న కాగితం చేతిలో పెట్టి, అంతా చెప్పాను. జాకెట్టు ముక్క, మూడిళ్ళు, ఊదుబత్తి, నకలు కూడా. "నేను పోగొట్టాను తల్లీ. దొరికింది నా గొప్ప కాదు" అన్నాను.

ఆ పిల్ల మొహంలో రంగు దిగిపోయింది. మంచం మీద కూర్చుని, కొత్త ఫోన్లో ఒక్కొక్క మాటే కొట్టింది. పన్నెండూ అయ్యాక ఊపిరి వదిలింది. డబ్బు ఉంది. ఆ వెంటనే కొత్త వాలెట్ ఒకటి తెరిచింది. ముందు చిటికెడంత పంపి, అది చేరిందో లేదో చూసుకుని, తరవాత మిగతాదంతా పంపింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"అరిచెయ్యి తల్లీ. నాకు తేలిగ్గా ఉంటుంది" అన్నాను.

అరవలేదు. సొరుగులోంచి తెల్లకాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టింది. "కొత్త మాటలు చెబుతాను, రాయండి" అంది.

"మళ్ళీ నాకా? నీకేమైనా మతి పోయిందా? నేను దాచిన సంబరం చాల్లేదా?"

"ఎవరి దగ్గరైనా పోతుంది అత్తయ్యా. పోయిందని వచ్చి చెప్పేవాళ్ళెవరు? మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. మీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర పెట్టను?"

నాకు ఏడుపాగలేదు. నేనేడుస్తుంటే తనూ ఏడ్చింది. కాసేపటికి కళ్ళజోడు తుడుచుకుని పెన్ను పట్టుకున్నాను. మొదటి మాటకే అక్షరం తప్పు రాశాను. కొట్టేసి మళ్ళీ రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెల్లిగా రాయండి. నాకేం తొందర లేదు" అంది.

ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిల్ల నోటంట తొందర లేదన్న మాట రావడం అదే మొదటిసారి.