ఉప్పు పడిన రొట్టె

అవనిగడ్డ దాటాక వచ్చే మా ఊరి చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందుకి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ రొట్టె బజార్లో కొనరు. సంఘంలో ఒకావిడ గోధుమపిండి పులియనివ్వకుండా, ఉప్పు వెయ్యకుండా తడిపి, ఇంట్లో పెనం మీద కాల్చి తెస్తుంది. ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా ఆ పిండి తడపాలని మావాళ్ల పట్టింపు. చాలా ఏళ్లు ఆ పని మా అమ్మదే. బల్లకి ముందురోజు, శనివారం సాయంత్రం, ఇంట్లో ఎవరు గొంతు పెంచినా ఊరుకునేది కాదు. కూరలకి వంక పెట్టే మా నాన్న కూడా ఆ పూట బుద్ధిగా తినేవారు.

నాయనమ్మ పోవడంతో ఆ పని ఆగింది. మంచాన పడ్డ నాయనమ్మకి చివరిదాకా స్నానం చేయించింది, జావ తాగించింది అమ్మే. సమాధి కార్యక్రమం అయ్యాక, బంధువులందరి ముందూ మా పిన్ని, అంటే అమ్మ తోటికోడలు, ఒక మాట అంది. ముసలావిడ గొంతు తడిపే దిక్కు లేక పోయిందట. చుట్టపుచూపుగా వచ్చిపోయే మనిషి తన లోటు కప్పుకోవడానికి అలా అందని నా నమ్మకం. విన్నవాళ్లలో కొందరు నమ్మారు కూడా.

అమ్మ పోట్లాడలేదు. ఏడ్చిందంతే. మనసులో ఇది పెట్టుకుని రొట్టె చెయ్యలేనని పాస్టరుగారి భార్యకి చెప్పేసింది. బల్ల తీసుకోవడమూ మానేసింది. రొట్టె పళ్లెం వరసల్లోకి వచ్చేసరికి లేచి వెళ్లి వెనక తలుపు దగ్గర నిలబడేది. బల్ల లేకుండా ఆవిడ ఎంత బెంగపడుతోందో నాకు తెలుసు. పిన్ని మాత్రం ముందు వరసలో కూర్చుని దర్జాగా తీసుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది. గుడ్లవల్లేరులో పాఠాలు చెప్పుకునే నేను ఆదివారాలు ఇంటికి వస్తాను. వచ్చినప్పుడల్లా పిన్ని చేత నలుగురిలో తప్పు ఒప్పించాల్సిందేనని పట్టుబట్టేదాన్ని. అడగనివాళ్లని ఎలా క్షమిస్తామని వాదించేదాన్ని.

ఇంతలో ఆ రొట్టె పని పిన్నికే అప్పజెప్పారు. ఆవిడ ఎప్పుడూ చేసి ఎరగదు. అమ్మని అడగడానికి మొహం చెల్లలేదు. రోజూ చపాతీకి తడిపినట్టే తడిపేసింది.

ఆ ఆదివారం పాస్టరుగారు ముక్క నోట్లో వేసుకుని ఒక్క క్షణం ఆగారు. తర్వాత వరసవరసకీ మొహాలు మారాయి. ఆరాధన అయ్యాక సంఘపెద్ద లేచి, ఇది హోటల్లో టిఫిను కాదని, ఈ రొట్టె ఎవరు చేశారో చెప్పమని నిలదీశాడు. పిన్ని లేచి తల వంచుకుని నిలబడింది. నాకు కడుపు నిండినట్టయింది.

అప్పుడు వెనక తలుపు దగ్గర్నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఉప్పు వెయ్యమన్నది నేనేనండీ. దాన్నేమీ అనకండి."

వాళ్లిద్దరికీ మాటల్లేవని ఆ చర్చిలో పసిపిల్లలకి కూడా తెలుసు. సంఘపెద్ద ఏదో అనబోయి, మానుకుని కూర్చున్నాడు. అమ్మ నెమ్మదిగా ముందుకి నడిచి, పాస్టరుగారి ఎదుట మోకరించి చేతులు చాపింది. పళ్లెంలో మిగిలిన ముక్క ఆయన ఆ చేతుల్లో పెట్టారు. అమ్మ కళ్లు మూసుకుని తింది.

దేవుడి సన్నిధిలో అంత అబద్ధమా అని దారిలో అడిగాను. అమ్మ కాలవగట్టు మీద ఆగి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

"నలుగురిలో తల దించుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసే. అది అలా నిలబడితే చూళ్లేకపోయాను."

ఆ సాయంత్రమే పిన్ని వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, ఆ రోజు నేనన్న మాట..." అంది. నేను చేస్తున్న పని ఆపి చెవులు రిక్కించాను.

అమ్మ పూర్తి చెయ్యనివ్వలేదు. గోధుమపిండి డబ్బా దించి, "ముందు చేతులు కడుక్కునిరా, ఎలా తడపాలో చూపిస్తాను" అంది.

ఆ మాట పూర్తిగా వినాలని అన్నాళ్లూ కాచుకుని కూర్చున్నది నేను. వినాల్సిన మనిషికి అది ఇక అక్కర్లేకపోయింది. పిన్ని పంపు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.