యాంటెన్నాల కింద మొహం

బిట్రగుంట స్టేషన్లో ప్యాసింజర్ రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న ఒకాయన నోటుబుక్కులో నెత్తిన యాంటెన్నాలు మొలిచిన మనుషుల్ని గీస్తున్నాడు. చర్చి గోడల మీద వాక్యాలు రాసే పెయింటరట. భూమిని సర్వే చేయడానికి వచ్చి దారి తప్పిన వేరే గ్రహం అధికారుల మీద ఏదో నవ్వుల నవల చదివి, వాళ్ల బొమ్మలు వేస్తున్నాడు.

"ఈడు నిజం మనిషే. గోడ మీద వాక్యం కింద నేను రాసుకున్న నా పేరు మీద సున్నం కొట్టించినాడు," అని ఒక బొమ్మ చూపించాడు. "నీక్కూడా ఇట్టాంటోళ్లు ఎవురన్నా ఉండారా అన్నా? మొహం ఎట్టుంటాదో చెప్పు, ఏసిస్తా."

ఉన్నాడు. కొడవలూరులో పొలం గట్టును నా వైపుకు జరిపిన మా పెద్దన్న. ముక్కు, గడ్డం, ఎగతాళిగా ఒక పక్కకు లేచే పెదవి, అన్నీ కసిదీరా చెప్పాను. ఆయన నా వంక ఒక్కసారి కూడా చూడకుండా గీసి, కాగితం చించి ఇచ్చాడు.

అన్నకే పంపించాలని, ఇంటికి రాగానే కవరు మీద అడ్రసు రాశాను. మడిచే ముందు ఎందుకో యాంటెన్నాలను అరచేత్తో మూసి చూశాను. కింద ఉన్నది నా మొహమే.

మూడేళ్లయింది. గట్టు కోసం కోర్టుకు తిరుగుతూనే ఉన్నాను. ఆ కవరు మాత్రం పోస్టు చేయలేదు.