వెంట్రుక మొదట్లో తెల్లని గింజ

విగ్గుల కార్ఖానాలో ఆమెను అందరూ ముడులమ్మ అనే పిలిచేవారు. చెక్కతలకు సన్నని వలగుడ్డ తొడిగి, చిన్న కొక్కెంతో ఒక్కొక్క వెంట్రుకనూ వలకన్నంలోంచి లాగి ముడివేయడం ఆమె వృత్తి. ఆ ముడి కంటికి ఆనదు, విప్పబోతే విడదు. నాటకాల్లోని రాణులకూ, జబ్బుపడి తల బోడి అయినవారికీ కేశసంపద ఆమె వేళ్ల నుంచే లభించేది. వెంట్రుకను రెండు వేళ్ల నడుమ నలిపి, ఏది మొదలో ఏది కొసో కళ్లు మూసుకుని చెప్పగలదు. మొదళ్లన్నీ ఒకే దిక్కుకు చేరకపోతే ఎంత చక్కని విగ్గయినా నాలుగు నాళ్లకే ఉండకట్టుకుపోతుంది.

ఇంత నేర్పు గల మనిషికి తన తల తాను దువ్వుకోవడం మాత్రం తెలియదు. తన పదో యేట తల్లి పోయినప్పటి నుంచీ ఆ భారం అక్కది. కిటికీ పక్కన ముందొక కుర్చీ, వెనకొక కుర్చీ. ముందుదానిలో చెల్లెలు, వెనకదానిలో దువ్వెనతో అక్క. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ ప్రతి ఉదయం అక్కడ తీర్మానమయ్యేవి. అల్లిక పూర్తికాగానే ఎడమచేత్తో జడమీద చిన్న దెబ్బ వేసి "ఇక లే" అనేది అక్క. వయసు యాభై దాటినా చెల్లెలు ఆ దెబ్బ తగిలితేగాని లేచేది కాదు.

అలాంటి అక్క, ఎవరూ ఊహించని వయసులో, భార్య పోయిన ఒక గడియారాల మరమ్మతుదారుణ్ణి పెళ్లాడింది. ఆయన కొట్టు మూసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. ముడులమ్మ పైకే నవ్వి, దగ్గరుండి పెట్టెలు సర్దింది. రైలు కదిలేదాకా చెయ్యి ఊపి, ఇంటికి వచ్చి, వెనకకుర్చీని గోడవారకు జరిపింది. మళ్లీ ఏమనుకుందో, యథాస్థానంలో పెట్టింది.

మర్నాడు తానే దువ్వెన పట్టుకుంది. నాలుగుసార్లు దువ్వేసరికి ఒళ్లో వెంట్రుకలు రాలాయి. ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. దాని మొదట్లో సూదిమొనంత తెల్లని గింజ! మరొకటి తీసింది, దానికీ ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆమె చేతుల మీదుగా నడిచినవన్నీ కత్తెరకు తెగిన వెంట్రుకలు. తానుగా ఊడిన వెంట్రుకను ఆ చేతులు ఎరగవు. అందువల్ల ఆమెకు తోచిన అర్థం ఒక్కటే. ఇది విత్తు; విత్తుతో సహా పెళ్లగిలినది మరి మొలవదు. తల్లికి చివరి జబ్బులో జుట్టంతా ఊడిపోవడం ఆమెకు లీలగా జ్ఞాపకముంది.

అది మొదలు దువ్వెన అంటే భయం పట్టుకుంది. రోజూ దువ్వడం మాని ఆదివారం మాత్రమే దువ్వసాగింది. అప్పుడు గుప్పెడేసి రాలేది. భయం ఇంకా పెరిగి, పది రోజులకొకసారి చేసింది. అప్పుడు మరింత రాలింది. సాయంత్రాలు అక్క ఫోను చేసేది. కొత్త ఇంటి కబుర్లన్నీ చెప్పి, చివర అడిగేది.

"తల ఎలా దువ్వుకుంటున్నావే?"

"నాకు చేతుల్లేవా ఏం?" అని ఈమె మాట తప్పించేది. లేకలేక అక్క ముఖాన పూసిన సంతోషం మీద నీళ్లు చల్లడానికి మనసొప్పలేదు. ఫోను పెట్టేశాక ఆ గదిలో మళ్లీ మాట వినబడేది మర్నాటి సాయంత్రమే.

చివరికొక నిర్ణయానికి వచ్చింది. నడుము దిగిన ఆ జడను పెంచినది అక్క చెయ్యి. అది పోచపోచగా చెత్తబుట్ట పాలు కావడంకంటె, ఉండగానే కోయించి విగ్గుగా ముడివేస్తే కొంతకాలమైనా నిలుస్తుంది. అందుకు కార్ఖానా యజమాని అనుమతి అడిగింది. జడ మీద ఎప్పటినుంచో కన్నున్నవాడే అయినా, ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కారణం చెప్పమంటే, ఆమె కాగితంలో మడిచి తెచ్చిన వెంట్రుకలు చూపింది. ఆయన కళ్లజోడు సవరించుకుని పరీక్షగా చూశాడు. ఆయనా ఆ వృత్తిలోనే తల నెరిసినవాడు.

"అయ్యో, వేరుతో సహా వచ్చేసిందే" అన్నాడు. ఆ మాటతో ఆమెకున్న కాస్త సందేహమూ తీరిపోయింది.

బుధవారం మధ్యాహ్నం జడకు పైనా కిందా దారాలు కట్టి, ఆయన కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే చర్మవ్యాధుల డాక్టరమ్మ లోపలికి వచ్చింది. తన రోగుల తలకొలతలు తెచ్చి విగ్గులు చేయించుకుపోవడం ఆమెకు అలవాటు. సంగతి తెలుసుకుని, ముందు ఆ కత్తెర బల్లమీద పెట్టమంది. పాపిట విడదీసి చూసింది. గుప్పెడు పాయ వేళ్లతో పట్టి మెల్లగా లాగింది. ఒకటి రెండు వచ్చాయి. నుదుటి అంచున నిక్కబొడుచుకున్న చిన్నచిన్న వెంట్రుకలను అద్దంలో చూపి, అవి ఏమిటని అడిగింది. ముడులమ్మ వాటిని ఎన్నడూ గమనించలేదు.

"కొత్తగా వస్తున్నవి. మీరు దాచుకున్నవి ఉన్నాయే, అవి రిటైరైనవి."

"మరి ఆ గింజ?"

"అది విత్తనం కాదమ్మా. పని ముగించుకున్న వెంట్రుకకు మొదలు అలా గట్టిపడుతుంది. కుదురు మీ తలలోనే భద్రంగా ఉంది."

తరువాత నింపాదిగా బోధపరిచింది. ప్రతి వెంట్రుకకూ ఒక ఆయుర్దాయముంది. కొన్నేళ్లు పెరుగుతుంది. ఆపైన రెండు మూడు వారాల్లో పెరుగుదల చాలించుకుంటుంది. అటుపిమ్మట మూడు మాసాలు, వానప్రస్థం స్వీకరించిన గృహస్థువలె, చోటు విడవకుండానే వ్యాపారం విడిచి కూర్చుంటుంది. కుదురు అడుగున కొత్త మొలక సిద్ధమయ్యే వేళకు జారిపోతుంది. తలమీది లక్ష వెంట్రుకలకూ సృష్టికర్త ఒకే తిథి నిర్ణయించలేదు. నిర్ణయించి ఉంటే ఏటా ఒక ఋతువులో మనుషులందరూ ఆకురాల్చిన చెట్లవలె తిరగవలసి వచ్చేది. కనుకనే ఆరోగ్యవంతుల తలనుంచి సైతం రోజుకు యాభయ్యో నూరో ఊడుతూనే ఉంటాయి. దువ్వకుండా జడలో బిగించి ఉంచితే అవన్నీ అక్కడే చిక్కుకుని, దువ్విననాడు ఒక్కసారిగా వస్తాయి. గుప్పెళ్ల రహస్యం అంతే.

"ఎవరి తలైనా ఇంతేనంటారా?"

"పుట్టినప్పటి నుంచీ మీదీ ఇంతే. ఇన్నాళ్లూ చూడలేదా?"

చూడలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆమె మనసులో మెదిలినది ఆ ప్రశ్న ఒక్కటే. ఆ సాయంత్రం అక్క ఫోనుకై వేచి ఉండక తానే చేసింది.

"అక్కా, నువ్వు దువ్వేటప్పుడు నా జుట్టు ఊడేదా?"

"ఊడకేం? రోజూ ఊడేది."

"నా కంట ఒక్కటీ పడలేదే!"

"పడనిస్తేగా. అమ్మ పోయిన ఏడాది నీ ఒళ్లో ఒక్క వెంట్రుక పడిందని, నేనూ పోతానని నువ్వు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ పిడికిట్లో చుట్టి దాచి, నువ్వు లేచాక పారేసేదాన్ని. పెద్దదానివయ్యాక మానేద్దామనుకున్నా. అలవాటు పోలేదు."

జడమీద పడే ఆ చిన్న దెబ్బ ఎందుకు ఎప్పుడూ ఎడమచేత్తోనే పడేదో ముడులమ్మకు అప్పుడు తెలిసింది. కుడిచెయ్యి మూసి ఉండేది.

"మరి నీ తల ఎవరు దువ్వుతున్నారు?"

"మీ బావగారు సరదాపడ్డారే. చిక్కు తీయమంటే గడియారం విప్పినట్టు విప్పి, మళ్లీ బిగించడం రాక కూర్చున్నారు."

ఇద్దరూ నవ్వారు. ఫోను పెట్టేశాక గదిలో నవ్వు కొంచెంసేపు కూడా నిలవలేదు.

మర్నాడు ఉదయం ముడులమ్మ ముందుకుర్చీలో కూర్చుని నిదానంగా దువ్వుకుంది. వెంట్రుకలు రాలాయి. వాటిని వేలికి చుట్టి పిడికిలి బిగించింది. ఎవరికి కనబడకుండానో తోచక, విప్పి కిటికీగట్టున పెట్టింది. జడ అల్లడం ముగిసినా చాలాసేపు లేవలేదు.

ఆ రోజు కార్ఖానాకు ఆలస్యంగా వెళ్లింది. యజమాని ఆమె తలవైపు చూసి తృప్తిపడ్డాడు. అంతలోనే, జడేమిటి ఒక పక్కకు పోయింది అన్నాడు.

"వెనకవైపు చెయ్యి సరిగా అందలేదండీ" అని, ఆమె కొక్కెం చేతిలోకి తీసుకుంది.