మోటారుకు మంచినీళ్లు

పెళ్లయిన మూడేళ్లలో మా అత్తగారింట్లో నేను చేసిన పని ఒక్కటే, కుర్చీలో కూర్చోవటం. నాగాయలంక దాటి, సముద్రపు గాలి తగిలే చోట వాళ్ల ఊరు. నేను భవానీపురం నుంచి వచ్చి బస్సు దిగీ దిగగానే కుర్చీ వేసేవారు. కూర్చున్న చోటికే కొబ్బరినీళ్లు, పీతల వేపుడు, మళ్లీ కొబ్బరినీళ్లు. చెయ్యి కడుక్కోవటానికి లేస్తే చెంబే ఎదురొచ్చేది. అల్లుణ్ణట, కాలు కింద పెట్టకూడదట. నాకు ఒళ్లు మండిపోయేది.

ఎందుకంటే నాకు కావాల్సింది పీతలు కాదు, పడవ. మావయ్యగారికి ఒక ఫైబరు పడవ, దాని వెనక బిగించే కొత్త మోటారు ఉన్నాయి. ఆయన తాడు లాగి దాన్ని స్టార్టు చేస్తుంటే ఒడ్డున నాకు కాళ్లు ఆగేవి కావు. "నన్నూ ఒకసారి తీసుకెళ్లండి," అని వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ణి. ఆయన నవ్వేవారు.

"పడవెక్కినోడు వల లాగాలి, అడుగున చేరిన నీళ్లు తోడాలి. అయ్యన్నీ ఇంటి మనిషి చేసే పనులండీ. మీరు చుట్టం అల్లుడుగారూ. చుట్టాన్ని సముద్రమ్మీద ఎక్కడ కూకోబెట్టనండీ?"

ఎట్లాగైనా ఆ ఇంట్లో ఒక్క పని చేసి చూపించాలని పంతం పట్టాను.

మొన్న వేసవిలో ఒక శనివారం అవకాశం దొరికింది. మావయ్యగారు పదింటికల్లా వేట నుంచి వచ్చి, మోటారును భుజాన మోసుకొచ్చి పెరట్లో కొయ్య స్టాండుకు బిగించారు. సముద్రంలో తిరిగిన మోటారును ఆ పూటే కడగాలి. దాని కింది భాగం నీళ్ల డ్రమ్ములో ముంచి పది నిమిషాలు ఆడిస్తే లోపలి ఉప్పంతా బయటికి పోతుంది. కడక్కపోతే ఆ ఉప్పు మోటారును తినేస్తుంది, మోటారు ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. ఇదంతా కుర్చీలో కూర్చుని చూసి నేర్చుకున్నదే. "చేపలు ఐసులో పెట్టించొచ్చి కడుగుతా," అని అత్తయ్యగారితో చెప్పి ఆయన వెళ్లారు. మా ఆవిడ చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోయింది. అత్తయ్యగారు వంటింట్లో ఉన్నారు.

ఇంకేం కావాలి! లుంగీ ఎగ్గట్టి, పెరట్లో బోరు ట్యాపు తిప్పి డ్రమ్ము నింపాను. తాడు లాగాను. ఒకటి, రెండు, మూడు... భుజం ఊడిందనుకున్నాను గానీ మోటారు స్టార్టయింది! డ్రమ్ములో నీళ్లు కుతకుతలాడాయి. మోటారు పక్కనున్న చిల్లులోంచి సన్నటి ధార ఎగిరొచ్చి సరిగ్గా నా బొడ్డు మీద పడింది. కోళ్లు గోడ దూకి పారిపోయాయి. ముప్పై నాలుగేళ్ల బ్యాంకు ఉద్యోగస్థుణ్ణి, పెరట్లో ఒక్కణ్ణే గంతులేశాను. పది నిమిషాలు చాలన్నదాన్ని ఇరవై నిమిషాలు ఆడించాను.

మావయ్యగారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. మెల్లగా దగ్గరికొచ్చి, ధారలో వేలు పెట్టి నాలిక్కి రాసుకున్నారు. చటుక్కున మోటారు ఆపేశారు.

"ఏ నీళ్లండీ ఇయ్యి?"

"ట్యాపు నీళ్లే మావయ్యగారూ."

"బోరుదా? అయ్యో నా తండ్రీ! అయ్యీ ఉప్పేగదండీ!"

భవానీపురంలో ట్యాపు తిప్పితే వచ్చేది కృష్ణ నీళ్లు. ట్యాపులోంచి ఉప్పునీళ్లు కూడా వస్తాయని నా బుర్రకు తట్టనే లేదు. మూడేళ్లుగా అక్కడ స్నానం చేస్తే నురగ రావటం లేదు. వాళ్ల సబ్బు నాసిరకమనుకుని నా సబ్బు నేను తీసుకెళ్లేవాణ్ణి. దానికీ నురగ రాలేదు, అయినా నాకు అర్థం కాలేదు. ఉప్పును ఉప్పుతో కడిగిన మహానుభావుణ్ణి నేను.

"ఏమేవ్! మంచినీళ్ల టిన్నులన్నీ పట్రా!"

ఆ ఊళ్లో మంచినీళ్లు ప్లాంటు నుంచి తెచ్చుకోవాలి. తాగటానికీ వంటకీ తప్ప చుక్క ముట్టనివ్వరు. పైగా ఇంట్లో ఉన్న నాలుగు టిన్నులూ మర్నాడు ఆరాధన అయ్యాక భోజనానికొచ్చే పాస్టరుగారి కుటుంబం కోసం దాచినవి. అత్తయ్యగారు డ్రమ్మును చూశారు, నన్ను చూశారు.

"దేవా! రేపు పాస్టరుగారికి ఏం పొయ్యను?"

"ముందు మోటారుకు పొయ్యి!"

నాకు తల కొట్టేసినట్టయింది. పడవ సంగతి దేవుడెరుగు, ఈ ఇంటికి మళ్లీ రావటానికే మొహం చెల్లదనుకున్నాను. ఇంతలో మావయ్యగారు వంగి డ్రమ్ము అంచు పట్టుకుని, తలెత్తకుండానే కేకేశారు.

"ఏంట్రా దిష్టిబొమ్మలాగా నిలబడ్డావ్? ఆ పక్క పట్టు! ఒంపు!"

వెనక్కి తిరిగి చూశాను. అక్కడెవరూ లేరు. ఆ కేక నాకే! సంతోషం పట్టలేక నీళ్లు సగం నా కాళ్ల మీదే ఒంపుకున్నాను. నాలుగు టిన్నులూ డ్రమ్ములో పోశాం. తాడు నేనే లాగాను. ధార మళ్లీ ఎగిరింది. ఆయన రుచి చూసి తలూపారు. అత్తయ్యగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"చూస్తావేంట్రా? సైకిలేసుకుని ప్లాంటుకు పో. ట్రిప్పుకు రెండే తే, పడేసేవు! సోమవారం పడవలో నీళ్లు తోడేదీ నువ్వే. తప్పించుకుందామని చూడమాక!"

"అట్టాగే మావయ్యా!" అన్నాను. ఆ ఊపులో 'గారు' నేనూ మర్చిపోయాను.

రెండో ట్రిప్పులో చర్చి ముందు మా ఆవిడ ఎదురుపడింది. నా ఒంటి మీద చెమట, మసి, సైకిలుకు చెరోవైపు టిన్ను. ఆమె మొహం ఎర్రబడింది.

"ఇదేంటి! ఊరంతా చూస్తుంటే మా నాన్న నీ చేత నీళ్లు మోయిస్తున్నాడా?"

"మోయిస్తున్నాడే! తిట్టాడు కూడా!" అని బెల్లు కొట్టుకుంటూ ముందుకు తొక్కాను.