హోప్‌ఫుల్లీ ఆదివారం

మనవరాలు ఫోనులో "హోప్‌ఫుల్లీ రేపొస్తా అమ్మమ్మా" అనగానే నా ముక్కుకి ఖిదిర్‌పూర్ ఆసుపత్రి ఫినాయిల్ వాసన తగిలింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ అక్కడ జ్వరంతో పడి ఉంది. నర్సు దీదీ మా అయ్యతో, "హోప్‌ఫుల్లీ ఆదివారం పంపిస్తాం" అంది. అంత పెద్ద ఇంగ్లీషు మాట వాడిందంటే ఇక తిరుగులేదని నేననుకున్నాను. అయ్య డాక్‌లో ఓడల సరుకు దించే కూలి. ఆదివారం పొద్దున్నే చేపల పులుసు వండి, కేరేజీలో పెట్టుకుని నన్ను తీసుకెళ్లాడు. జ్వరం తగ్గలేదు, ఈరోజు పంపలేమన్నారు.

నేను గేటు దగ్గరే కూలబడి ఏడ్చాను. "దీదీ అబద్ధమాడింది!"

"అబద్ధమేటే అమ్మీ? ఓడొస్తాది, పనుంటాదని మా కూలోళ్ల సర్దారూ రోజూ ఆ మాటే అంటాడు. ఒస్తే ఒస్తాది, నేకపోతే నేదు."

"తెలిసీ పులుసెందుకు వండావు?"

"ఓడొచ్చాక వండుకుంటామేటి? కేరేజీ కట్టుకునే గేటుకాడ నిలబడాల. ఏడుపాపి తిను, ముల్లు చూసుకో."

అమ్మ పై వారం ఇంటికొచ్చింది. అందాకా అయ్య రోజూ ముగ్గురికీ అన్నం వండాడు. మిగిలింది పొద్దున్నే చద్దన్నంగా ఇద్దరం తినేవాళ్లం. ఆ ముద్దలు కలుపుతూ నాకు డాక్ కబుర్లు చెప్పి నవ్వించేవాడు. లోపల ఎంత భయపడ్డాడో ఇప్పుడు తెలుస్తోంది.